47లో లేని మనిషి 58లో దొరికాడు: ఒక సలహాదారు ఫైలు కోసం నేను తిరిగిన మూడేళ్లు

నేను ఖజానా శాఖలో 31 సంవత్సరాలు పనిచేసి 2019లో పదవీ విరమణ పొందాను. పరకాల, నర్సంపేట, ములుగు ఉప ఖజానాలలో నా ఉద్యోగమంతా ఇతర శాఖలవారు పంపిన బిల్లులు పరిశీలించడం, అభ్యంతరాలు రాయడం, సరిగా ఉన్నవాటిని చెల్లింపుకు పంపడంతోనే గడిచింది. ఖజానాలో కూర్చున్నవాడికి మనుషులు పేర్లతో కాక ఫారం నంబర్లతోను, పద్దు సంఖ్యలతోను గుర్తుంటారు. జీతం తీసుకునే ఉద్యోగి 47వ నంబరు ఫారంలో వస్తాడు. కార్యాలయం కొన్న కాగితం, బాగుచేయించిన ఫ్యాను, అద్దెకు తీసుకున్న కారు 58వ నంబరు ఫారంలో వస్తాయి. దానిని ఓచర్లతో కూడిన కంటింజెంటు బిల్లు అంటాం. ఎవరైనా 47లో కనిపించకుండా 58లో కనిపిస్తే ఆయన ఆ కార్యాలయానికి ఉద్యోగి కాదు, ఒక ఖర్చు మాత్రమే. ఇంత చిన్న సంగతి 31 సంవత్సరాలు చేతిలో పెట్టుకొని కూడా, దానిని వాడుకోవాలన్న ఆలోచన నాకు ఏడాదిన్నర ఆలస్యంగా వచ్చింది. అందుకే ఈ అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

2022 జూలైలో ఒక సాయంత్రం వరంగల్ నగరంలోని వడ్డేపల్లిలో మా పక్కింటి అమ్మాయి మా అరుగు మీద కూర్చొని తన గోడు చెప్పుకొంది. ఆమె నగరంలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో డేటా ఎంట్రీ ఆపరేటరు. 2021 జూన్‌లో వచ్చిన 60వ నంబరు జీవో ప్రకారం ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి పనిని బట్టి 15,600, 19,500, 22,750 రూపాయల చొప్పున మూడు తరగతుల వేతనాలు ఉన్నాయి. ఈమెది మధ్య తరగతి. కాగితం మీద 19,500 ఉన్నా నాలుగు నెలలుగా చేతికి ఒక్క రూపాయి రాలేదు. అడిగితే బడ్జెట్ లేదన్నారట. ఆ మాట చెప్పి ఆమె ఇంకొకటి అడిగింది: “పెద్దబాపూ, మాకేమో బడ్జెట్ లేదంటరు. మరి గా సలహాదారు సారుకు నెలనెలా పైసలెట్ల వస్తున్నయి, కారెట్ల వెట్టిండ్రు?”

ఆ కార్యాలయం పేరు నేను రాయను. రాయకపోవడానికి భయం కారణం కాదు. ఇందులో కనిపించే వ్యవహారం ఆ ఒక్క కార్యాలయానికే పరిమితమైనదని చదివేవారు అనుకోకూడదు. అక్కడ ఒక సాంకేతిక సలహాదారు ఉన్నారని, ఆయన ఆ శాఖలోనే పెద్ద హోదాలో పదవీ విరమణ చేసినవారని మాత్రమే ఆ అమ్మాయికి తెలుసు. ఆయనను ఎవరు నియమించారో, ఎంత ఇస్తున్నారో, ఏ పని చేస్తారో కార్యాలయంలో చాలామందికే తెలియదట.

సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షను ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ ఎవరూ అడగకముందే 17 అంశాలను ప్రచురించాలని చెబుతుంది. అందులో అధికారుల, ఉద్యోగుల పేర్లు, వారి నెలసరి వేతనాలు, ప్రతి విభాగానికీ కేటాయించిన బడ్జెట్ ఉంటాయి. నేను మొదట ఆ కార్యాలయం వెబ్‌సైటులో ఆ 17 అంశాల పుస్తకాన్నే తెరిచాను. అది ఎన్నో ఏళ్లుగా మార్చనిది. 2016లో జిల్లాలు విడిపోయినా అందులో ఇంకా పాత ఉమ్మడి వరంగల్ జిల్లా చిరునామాలే ఉన్నాయి, బదిలీ అయి వెళ్లినవారి పేర్లు ఉన్నాయి, నాకు తెలిసి చనిపోయిన ఒక రికార్డు అసిస్టెంటు పేరు కూడా ఉంది. సలహాదారు లేరు. పుస్తకాన్ని మార్చి ఉన్నా ఆయన అందులో ఉండేవారు కారని తరువాత అర్థమైంది, ఎందుకంటే ఆ పట్టికను మంజూరైన పోస్టుల జాబితా చూసి తయారుచేస్తారు. ఆయనకు పోస్టు లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. సలహాదారు అన్న పదానికి ఉన్న ఈ సౌకర్యం జిల్లా కార్యాలయంలో పుట్టినది కాదు. రాజ్యాంగంలోని 164వ అధికరణానికి 91వ సవరణ ద్వారా చేర్చిన నిబంధన ప్రకారం రాష్ట్ర మంత్రివర్గం శాసనసభ సభ్యుల సంఖ్యలో 15 శాతం దాటకూడదు. 119 మంది సభ్యులున్న తెలంగాణకు ముఖ్యమంత్రితో కలిపి 18 మందే పరిమితి. క్యాబినెట్ హోదా ఇచ్చిన సలహాదారు ఆ లెక్కలోకి రారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారగానే పాత సలహాదారుల నియామకాలు రద్దయ్యాయి, 2024 జనవరిలో కొత్త సలహాదారులు వచ్చారు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ పదం చేసే పని ఒకటే. అయితే రాష్ట్రస్థాయి నియామకం కనీసం పత్రికలలో వస్తుంది, జిల్లా స్థాయి నియామకానికి ఆ భాగ్యం కూడా ఉండదు.

2022 ఆగస్టులో తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి రిజిస్టరు పోస్టులో పంపాను. పన్నెండో రోజున అది తిరిగి వచ్చింది. పోస్టల్ ఆర్డరు మీద అధికారి హోదా తప్పుగా రాశానన్నారు. నిజమే, తప్పు నాదే. సరిచేసి ఈసారి స్వయంగా తీసుకువెళ్లి తపాలు సెక్షనులో ఇచ్చాను. అక్కడి గుమాస్తా తీసుకొని, ఈ సమాచారం మీకెందుకని అడిగాడు. దరఖాస్తుదారు కారణం చెప్పనక్కరలేదని 6వ సెక్షనులోనే ఉందన్నాను. అతను నవ్వి ముద్ర వేసి ఇచ్చాడు. ఆ ముద్ర వేసిన నకలును తేలికగా తీసుకోకూడదు. తరువాతి మూడేళ్లలో ప్రతి దరఖాస్తు గడువునూ అలాంటి ముద్ర తేదీ నుంచే లెక్కపెట్టాను.

ఆ దరఖాస్తులో ఏడు ప్రశ్నలు అడిగాను. సలహాదారును ఎందుకు నియమించారు, ఆయన అవసరం ఏమిటి, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి లేని బడ్జెట్ ఆయనకు ఎక్కడిది, ఇలాంటివి. ఇరవై తొమ్మిదో రోజున రెండు వాక్యాల జవాబు వచ్చింది: “మీరు కోరినది ప్రశ్నల రూపంలో ఉన్నది. సమాచార హక్కు చట్టం పరిధిలోకి రాదు.” నాకు కోపం వచ్చింది, కానీ చట్టం చదివితే ఆ జవాబులో సగం న్యాయం ఉందని ఒప్పుకోక తప్పలేదు. కార్యాలయం తన దగ్గర ఉన్న రికార్డును ఇవ్వాలే తప్ప, లేని వివరణను తయారుచేసి ఇవ్వనక్కరలేదని సుప్రీంకోర్టు 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో స్పష్టంగా చెప్పింది. ఎందుకు అని అడిగితే వారికి తప్పించుకునే దారి మనమే చూపించినట్టు. ఏ ఫైలులో ఏ పేజీ అని అడగాలి. మేము ఖజానాలో బిల్లుల మీద అభ్యంతరాలు రాసేటప్పుడు కూడా ఇదే పద్ధతి. ఉత్తర్వు జతచేయలేదు అని రాస్తామే గాని, ఈ ఖర్చు మీకెందుకు అని రాయం.

అక్టోబరులో రెండవ దరఖాస్తు పెట్టాను. ఈసారి ఒక్క ప్రశ్న కూడా లేదు. నియామక ఉత్తర్వు, దానికి దారితీసిన నోట్ ఫైలు (నిర్ణయానికి ముందు అధికారులు రాసుకున్న నోట్ల ఫైలు), ఏదైనా ప్రకటన ఇచ్చి ఉంటే దాని ప్రతి, చెల్లింపు ఓచర్లు, వాహనం లాగ్‌బుక్కు, ఆయన ఇచ్చిన సలహాల ప్రతులు కోరాను. చివరి అంశం వెటకారంగా అనిపించవచ్చు గాని కాదు. చట్టంలోని 2వ సెక్షను సమాచారం అంటే ఏమిటో చెబుతూ రికార్డులు, ఉత్తర్వులు, ఒప్పందాలు, లాగ్‌బుక్కులతో పాటు అభిప్రాయాలను, సలహాలను కూడా పేర్కొన్నది.

ఈ దరఖాస్తు తరువాత జరిగిన ఒక సంఘటన నేను ఊహించనిది. దీపావళి వెళ్లిన వారానికి ఒక పెద్దమనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆయనే ఆ సలహాదారు. మూడవ పక్షానికి సంబంధించిన సమాచారం ఇచ్చే ముందు ఆ వ్యక్తికి నోటీసు ఇచ్చి అభిప్రాయం అడగాలని 11వ సెక్షను చెబుతుంది, ఆ నోటీసు ఆయనకు అందింది. కూర్చోమన్నాను. మంచినీళ్లు తాగి, “సార్, మీకు నా మీద కోపమేమన్న ఉన్నదా?” అని నెమ్మదిగా అడిగారు. లేదన్నాను. తాను ఎవరి చుట్టూ తిరిగి ఈ పని సంపాదించలేదని, రిటైరైన నెలకే ఫోను చేసి రమ్మంటే వచ్చానని, తనకు ఒక గది, కుర్చీ ఉన్నాయి గాని రాతపూర్వకంగా ఇది చూసి చెప్పమని తనను ఇంతవరకు ఎవరూ అడగలేదని చెప్పారు. “అడిగితే చెప్తును సార్. పదిమంది వచ్చినప్పుడు పక్కన కూసోవెడ్తరు, గంతే.” ఉత్తర్వు బయటపెట్టడానికి తనకు అభ్యంతరం లేదని రాసి ఇస్తానన్నారు. పోతూ పోతూ మా జామచెట్టు గురించి రెండు మంచి మాటలు చెప్పారు. ఆయన మీద నాకు అప్పుడూ ఇప్పుడూ గౌరవమే ఉంది. నా దరఖాస్తు ఆ కుర్చీ గురించి తప్ప అందులో కూర్చున్న మనిషి గురించి కాదు.

అయినా కార్యాలయం నుంచి వచ్చిన జవాబు తిరస్కరణే. 8వ సెక్షనులోని వ్యక్తిగత సమాచారపు మినహాయింపును, 2012 నాటి గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు తీర్పును ఉదహరించారు. ఆ తీర్పును మన కార్యాలయాలలో ఒక తాళంకప్పలాగా వాడతారు, ఏ తలుపుకైనా వేస్తారు. అది ఒక ఉద్యోగికి ఇచ్చిన మెమోలు, షోకాజ్ నోటీసులు, అతని ఆస్తుల వివరాలకు సంబంధించినది. ప్రజాధనం నుంచి నెలనెలా చెల్లించే మొత్తాన్ని 4వ సెక్షను స్వయంగా ప్రచురించమంటుంటే అది రహస్యమైన వ్యక్తిగత సమాచారం ఎట్లా అవుతుందన్నదే నా మొదటి అప్పీలులోని వాదన. ఆ అప్పీలును ఆ కార్యాలయంలోని పై అధికారి నెల రోజులలో, ఆలస్యమైతే కారణాలు రాసి 45 రోజులలో తేల్చాలి. నన్ను పిలవకుండానే 2023 జనవరిలో ఒక్క వాక్యంలో తేల్చారు: పౌర సమాచార అధికారి (దరఖాస్తులకు జవాబిచ్చే అధికారి) ఇచ్చిన జవాబు సరైనదే. కింద సంతకం ఎవరిదో అప్పటికి నేను పట్టించుకోలేదు.

రెండవ అప్పీలుకు 90 రోజుల గడువు ఉంది. నేను ఫిబ్రవరి మొదటి వారంలోనే రాష్ట్ర సమాచార కమిషన్‌కు పంపాను. అదే నెలలో కమిషనర్ల పదవీకాలం ముగిసింది. ఆ తరువాత 2025 మే వరకు, అంటే రెండేళ్లకు పైగా, కమిషన్‌లో ఒక్క కమిషనరు కూడా లేరు. ఒక నియామకం ఎట్లా జరిగిందో తెలుసుకోవాలని నేను పెట్టుకున్న అప్పీలు మరికొన్ని నియామకాలు జరగక ఆగిపోయింది. ఈ ఖాళీల విషయంలో కూడా 2019 ఫిబ్రవరిలోనే అంజలి భరద్వాజ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఖాళీ ఏర్పడడానికి ఒకటి రెండు నెలల ముందే ప్రక్రియ మొదలుపెట్టాలని, ఎంపికకు వాడే ప్రమాణాలను బహిరంగపరచాలని అందులో చెప్పారు. ఆ తీర్పు ప్రతిని కూడా నా ఫైలులో పెట్టుకున్నాను. 2023 సంవత్సరమంతా నేను చేసిన పని అంతకన్నా పెద్దగా ఏమీ లేదు.

2024 సంక్రాంతికి మా పాత సహోద్యోగి ఒకాయన ఇంటికి వస్తే ఈ కథంతా చెప్పాను. ఆయన విని, నన్ను చూసి జాలిపడి, “నువ్వు ఖజానాల పనిజేసినవా, కచేరిల వకీలుగ పనిజేసినవా? మనిషినెందుకు అడిగినవు, పద్దునడుగు” అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ప్రభుత్వ లెక్కలలో ప్రతి ఖర్చు ఒక సంఖ్య కింద నమోదవుతుంది. 010 జీతాలు, 130 కార్యాలయ ఖర్చులు, దానిలోనే 134 అద్దె వాహనాలు, 280 వృత్తిపరమైన సేవలు, 300 ఇతర కాంట్రాక్టు సేవలు. సలహాదారు 010లో లేరు కాబట్టి 280లో ఉండాలి. ఆయన కారు 134లో ఉండాలి. పక్కింటి అమ్మాయి జీతం 300లో ఉండాలి. వ్యక్తి పేరు ఎత్తకుండా పద్దు పేరుతో అడిగితే వ్యక్తిగత సమాచారం అనడానికి వీలుండదు.

జనవరి చివర మూడవ దరఖాస్తు పెట్టాను. అందులో రెండే కోరికలు. 2021 ఏప్రిల్ నుంచి ఆ కార్యాలయం 134, 280, 300 పద్దుల కింద పెట్టిన 58వ ఫారం బిల్లుల ఆఫీసు ప్రతులు, బడ్జెట్ విడుదల కోరుతూ ఆ మూడు పద్దులకు రాసిన లేఖలు, ఇవన్నీ ఉన్న ఫైళ్లను నేను వచ్చి చూసుకొనే అవకాశం ఇవ్వాలి. చూశాక నాకు కావలసిన పేజీల ప్రతులు పేజీకి రెండు రూపాయల చొప్పున చెల్లించి తీసుకుంటాను. పేజీలు ఎక్కువ, సిబ్బంది తక్కువ అని జవాబు రాకుండా ఉండాలంటే ఫైలు తనిఖీ అడగడం కన్నా మంచి మార్గం లేదు. అప్పటికి పౌర సమాచార అధికారి మారారు. కొత్తాయనకు ఈ పద్దుల వెనుక ఉన్న కథ తెలియదో, తెలిసే ఇచ్చారో చెప్పలేను గాని, మార్చిలో ఒక మంగళవారం పదకొండు గంటలకు రమ్మని లేఖ వచ్చింది.

ఒక పొడుగాటి బల్ల మీద నాలుగు ఫైళ్లు పెట్టారు. సూపరింటెండెంటు ఎదురుగా కూర్చున్నారు. “కూసోండ్రి సార్, నిమ్మలంగ చూసుకోండ్రి” అని చాయ్ తెప్పించారు. తనిఖీకి మొదటి గంట రుసుము లేదు, ఆ తరువాత పావుగంటకు ఐదు రూపాయలు. నేను రెండున్నర గంటలు కూర్చొని 30 రూపాయలు కట్టి రసీదు తీసుకున్నాను. అంతకాలం తరువాత మళ్లీ బిల్లుల కట్ట ముందు కూర్చుంటే, నిజం చెప్పాలంటే, సంతోషంగానే అనిపించింది.

280 పద్దులో 2021 జూలై నుంచి 2023 డిసెంబరు వరకు ముప్పై బిల్లులు ఉన్నాయి. ఒక్కొక్కటి 75,000 రూపాయలు. పదిశాతం ఆదాయపు పన్ను ప్రతి నెలా సరిగ్గా మినహాయించారు, ఒక్క లెక్క కూడా తప్పలేదు. మొత్తం 22,50,000. 134 పద్దులో అదే ముప్పై నెలలకు కారు అద్దె నెలకు 33,000 చొప్పున 9,90,000. రెండూ కలిపి 32,40,000. బిల్లులకు జతచేసిన లాగ్‌బుక్కు పేజీలు మాత్రం పదకొండు నెలలవే ఉన్నాయి, వాటిలో కూడా వెళ్లిన స్థలం అన్న గడిలో అన్నిచోట్లా “లోకల్” అని ఒకే చేతిరాత. నేను ఉప ఖజానాలో ఉన్నప్పుడు ఇలాంటి బిల్లును వెనక్కి పంపేవాణ్ణి అనుకున్నాను, తరువాత కొన్నింటిని పంపకుండా వదిలేసిన రోజులు కూడా గుర్తుకువచ్చి ఆ మాట పైకి అనలేదు.

అసలు విషయం బడ్జెట్ లేఖలలో దొరికింది. అమ్మాయికి వారు చెప్పిన మాట అబద్ధం కాదు. ఒక పద్దు కింద వచ్చిన డబ్బును ఇంకో పద్దుకు తమ ఇష్టప్రకారం మళ్లించడానికి వీలు లేదు, కాబట్టి 280లో డబ్బు ఉండి 300లో లేకపోవడం సాధ్యమే. అయితే 2022-23కు 280 పద్దు విడుదల కోరుతూ లేఖ ఏప్రిల్ మొదటి వారంలోనే వెళ్లింది. 300 పద్దు విడుదల కోరుతూ లేఖ జూలైలో వెళ్లింది. ఒకే సెక్షను, ఒకే గుమాస్తా, మూడు నెలల తేడా. ఇరవై మంది ఆపరేటర్లు, అటెండర్లు, స్వీపర్లు నాలుగు నెలలు అప్పులతో గడపడానికి కారణం ఆ ఒక్క లేఖ ఆలస్యం. ఇది కుట్ర అని నేను అనను. ఎవరి బిల్లు ఆగితే అధికారి గదిలోకి వచ్చి అడగగలరో వారి లేఖ ముందు తయారవుతుంది, అంతే. ఆ రోజు నేను నకళ్లు తీసుకున్న కాగితాలలో అన్నిటికన్నా ముఖ్యమైనవి నాకు ఆ రెండు లేఖలే.

లెక్కల మనిషిని కాబట్టి ఒక భాగహారం కూడా చేసుకున్నాను. సలహాదారుకు ముప్పై నెలలకు ఇచ్చిన 22,50,000లో ఒక ఆపరేటరుకు 115 నెలల వేతనం వస్తుంది. సలహా విలువను నెలల్లో కొలవకూడదని నాకు తెలుసు. ఒక మంచి ఇంజనీరు ఒక్క మాటతో అంతకు పదింతలు ఆదా చేయగలడు. ఆ మాట ఎక్కడైనా రాసి ఉంటే చాలు.

అది రాసి ఉందో లేదో తెలియడానికి నియామకం ఫైలు కావాలి. బిల్లులకు జతచేసిన ఉత్తర్వు ప్రతి ఒకటి నాకు దొరికింది గాని నోట్ ఫైలు చూపలేదు, అది వేరే సెక్షనులో ఉందన్నారు. ఉత్తర్వు ఆరు నెలలకు ఇచ్చి, తరువాత “తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు” అని పొడిగించారు. దాని కింద సంతకం చూడగానే నాకు 2023 జనవరి నాటి ఒక్క వాక్యపు తీర్పు గుర్తుకువచ్చింది. నా మొదటి అప్పీలును కొట్టివేసిన అధికారి, సలహాదారును నియమించిన అధికారి ఒకరే. చట్టంలో దీనిని నిషేధించే నిబంధన లేదు. పౌర సమాచార అధికారి కన్నా పై హోదా ఉంటే చాలు. తన సంతకం మీద వచ్చిన అప్పీలును తానే వినకూడదని ఎవరికీ తట్టలేదు, బహుశా నేను అడిగినది తన సంతకం గురించేనని ఆయన గమనించి కూడా ఉండరు.

2025 మేలో రాష్ట్ర సమాచార కమిషన్‌కు ప్రధాన కమిషనరును, కమిషనర్లను నియమించారు. నా అప్పీలుకు విచారణ నోటీసు సెప్టెంబరులో అందింది. అక్టోబరులో కాజీపేటలో పొద్దున రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, మోజంజాహీ మార్కెట్ దగ్గరి సమాచార హక్కు భవన్‌కు వెళ్లాను. నాలాంటివారు వరండాలో చాలామందే ఉన్నారు. భూమి రికార్డు కోసం వచ్చిన ఒక మంచిర్యాల రైతు తన సంచిలోంచి కాగితాలు తీసి, ఏ కాగితం ఎవరికి చూపాలో నన్ను అడిగి వరుసగా పెట్టించుకున్నాడు. నా విచారణ పావుగంట కూడా పట్టలేదు. నేను మూడు విషయాలే చెప్పాను: చెల్లింపుల వివరాలు ఇప్పటికే నాకు ఇచ్చారు కాబట్టి వాటిలో దాచడానికి ఏమీ మిగలలేదు, మూడవ పక్షం వ్యక్తి అభ్యంతరం లేదని రాసి ఇస్తానని నాకు స్వయంగా చెప్పినా ఆ లేఖ ఏమైందో జవాబులో లేదు, నోట్ ఫైలులో నిజంగా వ్యక్తిగతమైన చిరునామా, బ్యాంకు ఖాతా ఉంటే 10వ సెక్షను ప్రకారం వాటిని కొట్టివేసి మిగిలినది ఇవ్వవచ్చు. నోట్ ఫైలు మొత్తం ఉచితంగా ఇవ్వాలని ఆదేశం వచ్చింది. జరిమానా రోజుకు 250 చొప్పున గరిష్ఠంగా 25,000 వరకు వేయవచ్చు గాని, అది అప్పటి అధికారి సొంత జేబు నుంచి కట్టవలసినది. ఆయన రిటైరయ్యారు. నేను పట్టుపట్టలేదు.

నవంబరులో కవరు వచ్చింది. పదిహేడు పేజీలు. నియామకానికి ఆధారమైన నోటు ఒకటిన్నర పేజీ. “విశేష అనుభవం గలవారు, సంస్థ అవసరాల దృష్ట్యా వీరి సేవలు వినియోగించుకొనవచ్చును” అన్న ఒక్క వాక్యం మీద మొత్తం నిలబడింది. ప్రకటన లేదు, రెండవ పేరు లేదు, 75,000 ఎందుకు, 50,000 ఎందుకు కాదు అన్న లెక్క లేదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017లో 194వ నియమం పోటీ లేకుండా నామినేషన్ మీద కన్సల్టెంటును తీసుకోవచ్చంటుంది, కాని పూర్తి సమర్థన ఫైలులో రాసి ఆమోదం పొందాలంటుంది. ఆ నియమం మన జిల్లా కార్యాలయానికి వర్తించదు. వర్తించినా ఆ ఒకటిన్నర పేజీ దానికి సరిపోదు.

పదకొండవ పేజీ సలహాదారు గారి లేఖ. మా ఇంట్లో చెప్పినట్టే, ఉత్తర్వు బయటపెట్టడానికి తనకు అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టారు. దాని అంచున ఆకుపచ్చ సిరాతో ఒకే మాట: “మాట్లాడగలరు.” ఎవరు ఎవరితో మాట్లాడారో ఫైలులో లేదు. తరువాతి పేజీ నాకు పంపిన తిరస్కరణ చిత్తుప్రతి. చివరి పేజీ నేను కోరిన సలహాల గురించి: “సలహాలు మౌఖికముగా ఇవ్వబడినవి. రికార్డు లేదు.” ఆయన సేవలు ముగిసినట్టు ఉత్తర్వు కూడా లేదు. 2023 డిసెంబరు తరువాత బిల్లు రావడం ఆగిపోయింది.

కవరు వచ్చిన ఆ నెలలోనే 8వ సెక్షనులోని వ్యక్తిగత సమాచారపు మినహాయింపు మారిపోయింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ద్వారా చేసిన ఆ సవరణ 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. ఇంతకుముందు ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని, లేదా ఇస్తే వ్యక్తి గోప్యతకు అనవసరంగా భంగం కలిగించే వ్యక్తిగత సమాచారాన్నే నిరాకరించడానికి వీలుండేది, చట్టసభకు నిరాకరించలేనిదాన్ని పౌరుడికీ నిరాకరించకూడదన్న వాక్యం కూడా ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అన్న మాట ఒక్కటే మిగిలింది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చన్న 8వ సెక్షనులోని రెండవ ఉపసెక్షను అట్లాగే ఉంది గాని, దానిని నిరూపించే భారం ఇక దరఖాస్తుదారు నెత్తిమీదే ఎక్కువ పడుతుంది. నా 2022 అక్టోబరు దరఖాస్తును ఈ రోజు పెట్టి ఉంటే ఆ పదిహేడు పేజీలు వచ్చేవని నేను గట్టిగా చెప్పలేను. పద్దులు అడిగిన దరఖాస్తు మాత్రం ఇప్పటికీ పనిచేస్తుంది. 280 అన్నది ఎవరి వ్యక్తిగత సమాచారమూ కాదు.

పక్కింటి అమ్మాయి ఆ ఉద్యోగం 2024లోనే మానుకొని కాజీపేటలో ఒక ప్రైవేటు లెక్కల ఆఫీసులో చేరింది. ఆమె నాలుగు నెలల బాకీ మాత్రం అంతకుముందే వచ్చింది. ఆ రెండు లేఖల నకళ్లు చూపిస్తే చాలాసేపు తేదీలు చూసి, “జూలైల రాసిండ్రా?” అని మాత్రం అన్నది.

కమిషన్ ఆదేశం తరువాత ఆ కార్యాలయం 17 అంశాల పుస్తకాన్ని కొత్తగా తయారుచేసి వెబ్‌సైటులో పెట్టింది. చనిపోయిన రికార్డు అసిస్టెంటు పేరు తీసేశారు. ఉద్యోగుల పట్టిక కింద సలహాదారులు, కన్సల్టెంట్లు అని ఒక కొత్త వరుస చేర్చారు, దాని ఎదురుగా “లేరు” అని ఉంది. ఈ త్రైమాసికంలో 280 పద్దు కింద పెట్టిన 58వ ఫారం బిల్లులు చూడడానికి మరో దరఖాస్తు ఇచ్చి వచ్చాను. తపాలు సెక్షనులో అదే గుమాస్తా ఉన్నాడు. ఈసారి ఎందుకని అడగలేదు, పోస్టల్ ఆర్డరు మీద హోదా సరిగా ఉందో లేదో చూసి ముద్ర వేసి ఇచ్చాడు.